పడవ ప్రక్కను చరిచే అల - పడవలో నిద్ర

సిద్దిపేట కోమటి చెరువు కట్టమీదికి సాయంకాలం నడకకు వచ్చేవారిలో చాలామంది ఒక చప్పుడును వినే ఉంటారు. దాన్ని గురించి ఆలోచించినవారు మాత్రం తక్కువ. విహారానికి తిప్పే పడవలు ఆ పూటకు పని ముగించుకొని రేవు ప్రక్కన కట్టివేసి ఉంటవి. చెరువులో పెద్ద అలలు లేవు. గాలికి లేచిన చిట్టి అలలే, ఒక్కొక్కటి జానెడు ఎత్తైనా ఉండదు. ఐనా పడవల అడుగునుంచి 'టప్... టప్ టప్... ఛట్' అని ఎడతెగకుండా వినవస్తూనే ఉంటుంది. అవే అలలు నాలుగు బారల అవతల కట్ట రాళ్లమీదికి ఎక్కి దిగుతుంటవి. అక్కడ 'సర్రు' మన్న మెత్తని జారుడు తప్ప మరేమీ లేదు. నీరు ఒకటే, గాలి ఒకటే, అల ఒకటే. ఒకచోట చరుపు, మరొకచోట జారుడు ఎందుకు?

సిద్దిపేటలో ఈ ప్రశ్న సాయంకాలపు వేడుక మాత్రమే. చెరువులో విహరించినవారు ఇంటికి పోయి పడుకుంటారు. కాని ఈ చప్పుడునే తలక్రింద పెట్టుకొని రాత్రులు గడిపేవారు తెలుగుదేశపు తీరమంతటా ఉన్నారు. విశాఖపట్నం, కాకినాడ రేవులనుంచి చేపలవేటకు పోయే సోనా బోట్లు ఒకసారి బయలుదేరితే రెండు మూడు వారాలకు గాని తిరిగిరావు. పన్నెండు, పదిహేను మీటర్ల పొడవు గల ఆ బోటులో మంచుగడ్డల కొట్టు, చేపల కొట్టు, ఇంజను, వలలు, నూనె పీపాలు అన్నీ పోగా, మనుషులకు మిగిలే చోటు చాల తక్కువ. సరంగు గదిలో కొందరు, దాని వెనుక కొందరు, పడవ ముందుకొనను బెస్తలు 'అణియం' అంటారు, ఆ అణియం క్రింది ఇరుకులో కొందరు నడుము వాలుస్తారు. చెవికీ సముద్రానికీ మధ్య ఉన్నది ఒక్క పలక. కోనసీమలో దిండి దగ్గర వశిష్ఠ గోదావరిమీద ఇంటిపడవలలో రాత్రి గడపడానికి వెళ్లే యాత్రికులకూ ఇదే అనుభవం. వారికి అది ఒక రాత్రి ముచ్చట. బోటు కళాసీకి అది బ్రతుకు.

నిద్ర చాలకపోతే ఏమవుతుందో ఊహించవలసిన పని లేదు, కొలిచి చూచినవారున్నారు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు జరిపిన పరీక్షలలో, పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకొని ఉన్న మనిషి చేతికీ కంటికీ గల పొందిక, రక్తంలో నూటికి 0.05 వంతు సారాయి ఉన్నవాని పొందికకు దిగజారిందని తేలింది. మన దేశపు మోటారు వాహనాల చట్టం 0.03 దాటితేనే బండి నడపరాదంటున్నది. తాగినవానిని సరంగు తన బోటులో వించి దగ్గరికి రానీయడు. నిద్ర లేనివాడు మాత్రం తెల్లవారకముందే ఆ వించి ముందు నిలబడి, తిరుగుతున్న ఇనుప పీపామీద తాడు సర్దుతుంటాడు. కనుక పడవ ప్రక్కను చరిచే అల సంగతి తెలుసుకోవడం తీరిక కబుర్ల క్రింద జమకట్టదగినది కాదు.

చరుపు ఎట్లా పుడుతుంది?

నీళ్లతొట్టి ముందు కూర్చొని ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. అరచేతిని కత్తివలె నిలువుగా పట్టి నీటిలోకి దింపితే చప్పుడుండదు. కొంచెం ఏటవాలుగా పట్టి దింపితే చిన్న చప్పుడు. పూర్తిగా చాచి, నీటికి సమాంతరంగా కొడితే 'ఛట్' మని మ్రోగి చేయి మండుతుంది. మూడుసార్లూ చేయి ఒకటే, దించిన వేగమూ ఒకటే. మారినది నీటికీ చేతికీ మధ్య ఉన్న కోణం.

దీనికి లెక్క కట్టినవాడు థియొడర్ వాన్ కార్మన్. ఆయన చూచినది పడవ కాదు, విమానం. నీటిమీద దిగే విమానాలకు చక్రాలకు బదులు తేలే తొట్లు ఉంటవి. దిగేటప్పుడు ఆ తొట్లమీద ఎంత దెబ్బ పడుతుందో తెలియక అవి పగిలిపోతుండేవి. 1929లో కార్మన్, తరువాత 1932లో జర్మనీలో హెర్బర్ట్ వాగ్నర్ ఈ దెబ్బను గణితంలో పెట్టారు. V ఆకారపు అడుగు గల తొట్టి నీటిని తాకినప్పుడు, దాని ప్రక్కలు నీటితో 30 డిగ్రీల కోణం చేస్తే పలకమీద పడే గరిష్ఠ పీడనం ఒకపాటిగా ఉంటుంది. అదే వేగంతో, 10 డిగ్రీల కోణంతో దిగితే ఆ పీడనం తొమ్మిది పది రెట్లవుతుంది. 5 డిగ్రీలైతే దాదాపు నలభై రెట్లు! వేగం పిసరంతైనా పెరగలేదన్నది గమనించవలెను.

కారణం ఊహకు అందనిది కాదు. కోణం ఎక్కువగా ఉన్నప్పుడు నీరు పలకను ఒక కొననుంచి మొదలుపెట్టి, తాపీగా ప్రాకుతూ తడుపుతుంది. దారిలో ఉన్న నీరు ప్రక్కకు తప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. కోణం సన్నగిల్లిన కొద్దీ తడి అంచు పలకవెంట పరుగు లంకించుకుంటుంది. పలకలో చాలా భాగాన్ని నీరు ఒక్క రెప్పపాటులో తాకుతుంది. తప్పుకొనే వ్యవధి లేని నీరు రాయివలె గట్టిపడి కొడుతుంది. ఇక పలకా అలా పూర్తిగా సమాంతరమైతే ఇంకొక తమాషా జరుగుతుంది. పుస్తకాన్ని టప్పున మూసినప్పుడు పుటల మధ్యనుంచి గాలి తోసుకొని వస్తుంది గదా! అట్లాగే నీటికీ పలకకూ మధ్య చిక్కిన గాలి కొంత తప్పించుకుంటుంది, కొంత అక్కడే నలిగి దిండువలె దెబ్బను ఆపుతుంది, మిగిలినది బుడగలుగా చీలి నీటిలో కలుస్తుంది. ఆ బుడగలు ఊరకుండవు. 1933లో మిన్నార్ట్ అనే బెల్జియం దేశీయుడు, నీటిలోని ప్రతి బుడగా తన పరిమాణానికి తగిన శ్రుతిలో మ్రోగుతుందని నిరూపించాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల బుడగ సెకనుకు 3,260 సార్లు కంపిస్తుంది. ఒక సెంటీమీటరుదైతే 326 సార్లు. బిందె నిండుతుంటే వచ్చే బుడబుడ ఇదే. పడవ క్రింద 'ఛట్' మన్న దెబ్బ వెనుక వచ్చే 'గుడగుడ' కూడా ఇదే.

ఇప్పుడు కోమటి చెరువు ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. చెరువుకట్ట లోపలివైపు వాలుగా ఉండి, రాళ్లు ఎగుడుదిగుడుగా పేర్చి ఉంటవి. అల దానిమీద ఒక కొననుంచి ప్రాకి, రాళ్ల సందులలోకి చీలిపోతుంది. గాలి పోవడానికి వేయి దారులు. చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? పడవకు ఐతే నీటిమట్టానికి బెత్తెడు పైన చదునైన అడుగు ఒకటి, వెనుకవైపు బల్లపరుపుగా సాగి, క్రిందికి వచ్చే ప్రతి అలకు చెంప చూపిస్తున్నట్టు ఉంటుంది. నీటిలో పూర్తిగా మునిగిన భాగం చప్పుడు చేయదు. నీటికి బాగా పైనున్న భాగమూ చేయదు. తడిసీ తడవని ఆ బెత్తెడు మేరలో, అందులోనూ చదునైన చోటులలోనే, దాదాపు చప్పుడంతా పుడుతుంది.

పెద్ద అలకన్న చిన్న అలే నిద్రకు శత్రువు కావడం ఇక్కడనుంచే అర్థమవుతుంది. లోతైన నీటిలో ఎనిమిది సెకన్లకొకటి వచ్చే సముద్రపు తరగకు ఒక శిఖరంనుంచి మరొక శిఖరానికి నూరు మీటర్ల దూరం. పదిహేను మీటర్ల బోటు దానిమీద మొత్తంగా ఎక్కి మొత్తంగా దిగుతుంది. ఊపు ఉంటుంది గాని చరుపు ఉండదు. నలభై సెంటీమీటర్ల చిట్టి అల ఐతే సెకనుకు రెండు చొప్పున వచ్చి, బోటును కదిలించలేక దాని చెంపను కొట్టి పోతుంది. నడిసముద్రంలో హాయిగా పడుకొన్న కళాసీ రేవుకు వచ్చి కట్టుకొన్న రాత్రి కునుకు పట్టక పొర్లడంలో వింత లేదు.

పలక ఒక డప్పు

నీటిలో పుట్టిన ధ్వని నీటి ఉపరితలాన్ని దాటి తిన్నగా గాలిలోకి రాదు. రెండింటి సాంద్రతలకూ ధ్వనివేగాలకూ ఉన్న తేడావల్ల, వేయింట ఒక వంతు శక్తి మాత్రమే దాటుతుంది. పడవలో పడుకొన్నవాని చెవిని బాధించేది నీటి చప్పుడు అనడంకన్న పలక చప్పుడు అనడమే సరి. అల కర్ర, పలక డప్పు, లోపలి గది ఆ డప్పు వాయిస్తున్న కొట్టు.

ఈ పోలిక మాటవరసకు అన్నది కాదు. డప్పు వాయించేవారు ముందు మంటకు కాస్తారు. తోలులోని తడి ఆరి, బిగిసి, స్వరం ఖంగుమంటుంది. ముసురు పట్టిన నాడు అదే డప్పు బొదబొదలాడుతుంది. మృదంగపు ఎడమవైపు మూతకు రవ్వముద్ద అంటిస్తే బరువు పెరిగి శ్రుతి దిగుతుంది. తోలుమీది పూత స్వరాన్ని ఎట్లా మలచుతుందో 1920లోనే చంద్రశేఖర వెంకటరామన్ పరిశోధించాడు. పడవ పలకకూ సూత్రం అదే. పలుచగా, చదునుగా, రెండు అడ్డకర్రల నడుమ విశాలంగా ఉన్న పలక బాగా మ్రోగుతుంది. వంపు తిరిగిన పలక గట్టిది కనుక తక్కువ కదులుతుంది. దానిమీద బరువైన, జిగురైన పొర అంటిస్తే కంపనం ఆ పొరను సాగదీయడంలో తన శక్తిని పోగొట్టుకొని వేడిగా మారిపోతుంది. పలక బరువు రెండింతలైతే ఒకే దెబ్బకు అది కదిలే వేగం సగమవుతుంది. ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. చెవికి చప్పుడు సగమైనట్లు తోచడానికి సుమారు 10 డెసిబెల్లు తగ్గవలెను. లావుపాటి టేకుచెక్కల పాత పడవకన్న ఫైబరు పడవ ఎక్కువ మ్రోగుతుందన్న మాటలో నిజం ఉన్నది. ఫైబరుకు గట్టిదనం ఎక్కువ, బరువు తక్కువ. డప్పుకు కావలసినవి ఆ రెండే.

మన ప్రాంతాల పాత పడవలను ఈ దృష్టితో చూస్తే ముచ్చట వేస్తుంది. కృష్ణ, తుంగభద్రలను దాటించే పుట్టికి చదునైన పలకే లేదు. వెదురుబద్దల బుట్టకు పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పట్ట చుట్టి చేసిన గుండ్రని అడుగు అది. అల తగిలితే లొంగుతుంది, మ్రోగదు. కోరమాండల్ తీరంలో ఓడలనుంచి మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చిన మసూలా పడవకు ఒక్క మేకు కూడా ఉండేది కాదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, కుట్టుక్రింద పీచు కూరేవారు. అడుగు చదునే, ఐనా విరుచుకుపడే కెరటంలో పలకలన్నీ ఒకదానిమీద ఒకటి జరిగి దెబ్బను పంచుకొనేవి. మేకులు కొట్టిన తెల్లవారి ఓడపడవలు ఆ కెరటాలలో పగిలిపోతుంటే ఇవి నిలిచాయి. వాటిని కుట్టినవారు నిద్రకోసం కుట్టలేదు, బ్రతికి ఒడ్డెక్కడానికి కుట్టారు. ఐనా దెబ్బను ఓర్చుకొనే గుణమూ చప్పుడును మింగే గుణమూ ఒక్కచోటనే ఉండడం చూడవచ్చు.

నిద్రపోయే చెవి

కన్నుకు రెప్ప ఉన్నది, చెవికి లేదు. నిద్రలోనూ చెవి పనిచేస్తుంది. చప్పుడు మెదడుదాకా పోతూనే ఉంటుంది. లేపవలెనా వద్దా అన్న నిర్ణయం మెదడుది. 1960లో బ్రిటనులో ఆస్వాల్డ్ బృందం నిద్రపోతున్నవారికి పేర్ల జాబితా వినిపించి చూచింది. పరాయి పేర్లకన్న తన పేరు వినబడ్డప్పుడు మెదడు తరంగాలలో ఎక్కువ చలనం కనిపించింది. పడుకొన్న తల్లి ఉరుముకు లేవక, బిడ్డ మూలుగుకు లేవడం అందరికీ తెలిసినదే.

మెదడుకు నచ్చనిది పెద్ద చప్పుడు కాదు, కొత్త చప్పుడు. సిద్దిపేట రైతులకు దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. 2018లో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు రాకముందు, కరెంటు వంతులవారీగా, తరచు రాత్రిపూట వచ్చేది. బావి దగ్గర స్టార్టరు ప్రక్కనే మంచం వేసుకొన్న రైతు, మోటారు హోరులో గురక పెట్టేవాడు. కరెంటు పోయి మోటారు ఆగగానే లేచి కూర్చొనేవాడు. నిశ్శబ్దమే అతణ్ణి లేపింది! బోటు ఇంజనుకు అలవాటుపడ్డ కళాసీ సంగతీ అంతే. ఇంజను అలల చరుపుకన్న ఎన్నో రెట్లు పెద్దది, కాని ఒకే తీరున నడుస్తుంది. అల చరుపు చిన్నదే; ఐతే ఎప్పుడు వస్తుందో తెలియదు. 'టప్ టప్' మని రెండు, తరువాత ఏమీ లేదు, మళ్లీ 'ఛట్'. ఆ ఏమీ లేని సందులోనే మనస్సు తరువాతి దెబ్బకు ఎదురుచూస్తూ మేలుకొంటుంది. కారుతున్న నల్లాచుక్క క్రింద పడుకొన్నవారికి ఈ బాధ వేరుగా వర్ణించనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో పడకగదులకు సూచించిన హద్దులలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్లు మించరాదని, విడివిడిగా వచ్చే చప్పుళ్లు ఒక్కొక్కటి 45 మించరాదని అందులో ఉన్నది. ఓడలకు అంతర్జాతీయ నియమావళి వేరే ఉన్నది. 2014 జూలైనుంచి అమలైన దాని ప్రకారం పడకగదిలో ధ్వని, ఓడ పరిమాణాన్నిబట్టి, 60 లేక 55 డెసిబెల్లు దాటరాదు. ఐతే అది 1600 టన్నులూ అంతకు మించిన ఓడలకు. చేపల పడవలను అందులోనుంచి మినహాయించారు. చేపల పడవలకోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన ఒప్పందం, మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే పడవలో పనివానికి ఇరవైనాలుగు గంటలలో కనీసం పది గంటల విశ్రాంతి ఉండవలెనని చెబుతున్నది. పది గంటలు కాగితంమీద రావచ్చు. ఆ పది గంటలలో కన్ను మూతపడుతుందా అన్నది పలకనుబట్టి ఉంటుంది.

కొన్నాళ్లకు అలవాటవుతుందని పెద్దవాళ్లు అంటారు. సగం నిజం. మొదటి రాత్రికన్న పదవ రాత్రి మెలకువలు తగ్గుతవి. కాని మెలకువ రాకపోయినా, ప్రతి చప్పుడుకూ గుండె ఒక్కసారి వేగం పుంజుకోవడం మాత్రం అంత తేలికగా పోదని పరీక్షలలో కనబడింది. అలవాటుపడ్డానని చెప్పే మనిషి శరీరం పూర్తిగా అలవాటుపడి ఉండకపోవచ్చు.

చేయదగినవి

అన్నిటికన్న చవకైన ఉపాయం పడవను త్రిప్పడం. ముందుకొన కత్తివలె ఉంటుంది, వెనుకకొన, అంటే అమరం, పలకవలె ఉంటుంది. అలలు అణియంమీదికి వచ్చేటట్టు కడితే చీలిపోతవి. అమరంమీదికి వస్తే చరుస్తవి. లంగరు త్రాడు ముందునుంచి వేస్తే గాలికి పడవ తనంతట తానే సరిగా తిరుగుతుంది. చిక్కు వచ్చేది నదీముఖాలలో. దిండి దగ్గర గోదావరిలో సముద్రపు ఆటుపోట్లు తగులుతవి. ప్రవాహం పడవను ఒక దిక్కుకు నిలబెడుతుంది, గాలి మరొక దిక్కునుంచి అలలను తోలుతుంది. అప్పుడు వెనుకనుంచి రెండవ లంగరు వేసి గాని, లంగరు త్రాడుకు మరొక త్రాడు ముడివేసి దాన్ని పడవ నడుమకు కట్టి గాని, పడవను కొంచెం ఏటవాలుగా నిలపవచ్చు. ఇరవై ముప్పై డిగ్రీలు తిరిగితే చాలు. వాగ్నర్ లెక్క గుర్తున్నవారికి ఆ కొద్ది డిగ్రీల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

చోటు ఎంచుకోవడమూ అటువంటిదే. గాలి నీటిమీద ఎంత దూరం అడ్డులేకుండా పరుగెత్తితే అలలు అంత పెరుగుతవి. కోమటి చెరువులో ఆ పరుగు కొద్దిపాటి; అదే జిల్లాలో 50 టి. ఎం. సి. ల మల్లన్నసాగర్‌లో అది ఎంతో ఎక్కువ కనుక అలలూ పెద్దవి. కాకినాడ ముందు సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున పరుచుకొన్న హోప్ ఐలండు ఇసుకదిబ్బ సముద్రపు తరగలను ఆపుతుంది. అందువల్లనే ఆ అఖాతం ఓడలకు సహజమైన ఆశ్రయమైనది. తరగలు ఆగినా చిట్టి అలలు ఆగవన్న సంగతి మాత్రం పైనే చూచినాము. గాలివాటు గట్టు చాటుకు చేరితేనే అవి తగ్గుతవి.

పడవలో సరుకు సర్దడంవల్ల కూడా కొంత ఫలితం ఉన్నది. చరుపు పుట్టేది నీటిమట్టం దగ్గరి బెత్తెడు మేరలో కనుక, నీటి పీపాలను కొంచెం వెనుకకు జరిపి ఆ చదును భాగాన్ని ముంచవచ్చు, లేదా ముందుకు జరిపి దాన్ని పైకి లేపవచ్చు. ఒకే ప్రక్కకు బరువు చేర్చడం, బరువును పైకప్పుమీద పెట్టడం ఎన్నడూ కూడదు. నిద్రకోసం పడవను బోల్తా కొట్టించుకోవడం తెలివి కాదు.

అల పలకను చేరకముందే దాన్ని చెదరగొట్టడం మరొక దారి. పాత వల మూట, కొబ్బరిపీచు త్రాటి చుట్ట, రబ్బరు చాప, ఏదైనా సరే, అమరం చదునుక్రింద నీటిమట్టానికి ఆనుకొనేటట్టు వ్రేలాడదీస్తే, కట్ట రాళ్లు చేసిన పనినే అది చేస్తుంది. అల చీలుతుంది, గాలికి దారి దొరుకుతుంది. త్రాళ్లు పొట్టిగా ఉండవలెను, ఇంజను వేయకముందు పైకి తీయవలెను. మరచిపోతే ఫంఖా రెక్కలకు చుట్టుకొంటుంది.

ఇక లోపల. పలకకు తల ఆనించి పడుకోవడం అన్నిటికన్న పెద్ద పొరపాటు. అప్పుడు కంపనం గాలితో పనిలేకుండా పుర్రె ఎముకగుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. చెవులలో దూది పెట్టుకొన్నా దాన్ని ఆపలేదు. తలను జానెడు దూరం జరిపి, క్రింద మడతపెట్టిన వలలో, పీచు పరుపో వేసుకొంటే ఆ దారి తెగిపోతుంది. పడక అణియంలోకన్న పడవ నడుమ ఉంటే ఊపు కూడా తక్కువ.

పలకకు పొర అంటించే పనిని వేట లేని రోజులకు ఉంచుకోవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. బోట్లు మరమ్మతుకు ఎక్కేది ఆ అరవై ఒక్క రోజులలోనే. కుండ కొనేవారు వేలితో కొట్టి చూచినట్టు, పలకను అంగుళం అంగుళం మెటికలతో తట్టుకుంటూ పోతే, ఏది ఖంగుమంటున్నదో ఏది బొదమంటున్నదో తెలుస్తుంది. ఖంగుమన్న చోట్లకే మందు వేస్తే చాలు. ఫైబరు పలకకు బరువైన రబ్బరు పట్టనో, తారు కలిపిన పట్టనో గట్టిగా అంటించి, దానిపైన పలుచని బిగువు రేకు ఒకటి అంటిస్తే మరీ మంచిది. కొయ్య పలకను మాత్రం లోపల పూర్తిగా కప్పివేయరాదు. చెమ్మ చిక్కి కుళ్లుతుంది, ఊట ఎక్కడ వస్తున్నదో కనబడదు. మెత్తని స్పాంజి పరుపులు గోడలకు అంటించడమూ మంచిపని కాదు. అవి గదిలోని మారుమ్రోతను కొంత తగ్గిస్తవే గాని పలక కంపనాన్ని ఆపలేవు. పైగా నిప్పు అంటుకొంటే క్షణాలలో మండి విషపు పొగ క్రక్కుతవి. వంట పొయ్యి, డీజిలు, పడక అన్నీ మూడు బారల లోపల ఉన్న బోటులో ఇది ఆషామాషీ సంగతి కాదు.

చెవి బిరడాలు పనిచేస్తవి, కాని అవి కాపలా లేనివారికే. అల చప్పుడు బాధ పెట్టేదే ఐనా, వార్త మోసేది కూడా. రాత్రంతా అణియం దగ్గర వినబడిన చరుపు హఠాత్తుగా ప్రక్కకు మారితే గాలి దిక్కు మారిందన్నమాట. లేదా ప్రవాహం తిరిగిందన్నమాట. లేదా లంగరు పట్టు వదలి పడవ కొట్టుకుపోతున్నదన్నమాట. అనుభవం గల సరంగు కన్ను తెరవకుండానే ఆ మూడింటిలో ఏదో పోల్చుకొంటాడు. అందరూ చెవులు మూసుకొన్న బోటులో ఆ వార్త వినేవాడుండడు. ఒకరు వినవలెను, తక్కినవారు నిద్రపోవలెను. వంతులు వేసుకొనేటప్పుడు బిరడాలూ వంతులతోపాటు చేతులు మారవలెను.

నదీముఖంలో పడుకొనేవారికి మరొక్క వెసులుబాటు ఉన్నది. మన తీరంలో పోటు, ఆటు ఒక్కొక్కటి సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు నడుస్తవి. గాలికి ఎదురుగా నీరు పారుతున్నంతసేపు అలలు నిటారుగా లేచి అమరాన్ని చరుస్తుంటవి. నీరు తిరిగి గాలితోపాటు పారసాగితే అలలు చదునవుతవి, పడవ కూడా వెనుదిరిగి అణియం చూపుతుంది. రేవులో అడిగి ఆ పూట ఆటుపోట్ల వేళలు తెలుసుకొన్నవారు వంటా, వల బాగుచేతా చప్పుడు వేళకు పెట్టుకొని, నీరు తిరిగిన తరువాత పక్క పరుస్తారు.